ఆడినోళ్ళకు శాలువా, చూసినోళ్ళకు కుర్చీ

వాడ నుంచి వర్సిటీకి: 11వ భాగం



పోయినసారి హాస్టల్ మెస్ బిల్లుల సంగతి రాసి, ఈసారి స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానని చెప్పాను. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కారణం ఒక ఆహ్వాన పత్రిక.

గార్ల స్టేషన్లో బెంచీ మీద కూర్చొని కాజీపేట దిక్కు పోయే బండి కోసం చూస్తుంటే వాట్సాప్‌లో వచ్చింది. ఒక విశ్వవిద్యాలయంలో జానపద ప్రదర్శన కళల మీద రెండు రోజుల జాతీయ సదస్సు. ఏ విశ్వవిద్యాలయమో రాయను. రాస్తే మీరంతా దాని మీద పడతారు, మిగతావి తప్పించుకుంటాయి. కీలకోపన్యాసం చేసే మేడమ్ గురించి ఐదు లైన్ల పరిచయం ఉంది. ప్రదర్శన కళాకారిణి, పరిశోధకురాలు, ఆచార్యులు. చిందు అడుగులు నేర్చుకొని, వాటితో సొంతంగా ఒక ఏకపాత్ర తయారు చేసి, ఢిల్లీలోనూ విదేశాల్లోనూ ఆడారట. మంచిదే. పత్రిక అట్టడుగున, భోజన ఏర్పాట్ల లైనుకు పైన, ఇంకో ముక్క ఉంది: "సాయంత్రం 6 గంటలకు చిందు బృందం ప్రదర్శన."

బృందం. అంతే. ఆ బృందంలో ఏడుగురు ఉన్నారు. ఏడుగురి పేర్లూ నాకు తెలుసు. వాళ్ళ పెద్దమనిషికి ఫోన్ చేశాను. నేను ఆయనను పెద్దయ్యా అంటాను. ఆయన ఇప్పటికీ నన్ను "అయ్యా" అనే అంటాడు, ఎన్నిసార్లు వద్దన్నా మానడు. ఎందుకు మానడో తరువాత చెబుతాను, అది మా ఇంటి సిగ్గు.

"పెద్దయ్యా, పొద్దున పది గంటలకే రమ్మన్నరా?"

"పది గంటలకే రమ్మన్నరయ్యా. మన ఆట పొద్దుగూకినంక. గప్పటిదాక బయట చెట్టు కింద కూసుంటం."

"లోపల మాట్లాడేది మీ ఆట గురించే కదా. పోయి కూసోరాదుండ్రి."

"గదంత చదువుకున్నోళ్ళ ముచ్చటయ్యా. మనకెట్ల తెలుస్తది?"

ఆ ఆట ఆయనకు ఎట్లా తెలుస్తుంది అనే ప్రశ్న ఆయన నోటితోనే వచ్చిందంటే, ఈ చదువు ఎంత పని చేసిందో చూడండి.

నాకు ఆ మేడమ్ మీద కోపం లేదు. ఆమె నిజంగానే కష్టపడి నేర్చుకొని ఉంటుంది. మోకాళ్ళు నొప్పి పుట్టించుకొని ఉంటుంది. నా తగాదా ఆ రోడ్డుతో. విశ్వవిద్యాలయం నుంచి ఆటకు పోయే రోడ్డు మీద బస్సులు తిరుగుతాయి, పోయినోళ్ళకు "కళాకారిణి" అనే ఇంకో బిరుదు కలుస్తుంది. ఆట నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చే రోడ్డు మాత్రం గేటు దగ్గర చెట్టు కిందికి వచ్చి ఆగిపోతుంది.

"ఎవరూ రాలేదా?" అని అడుగుతారు మీరు. వచ్చారు. ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచే ఒకాయన వచ్చాడు. ఆయన కథే చెబుతాను.

చుక్క సత్తయ్య. జనగామ దిక్కు లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం. 1935లో పుట్టాడు. కురుమ. మా కులం కాదు, బీసీ. అయినా ఈ రోడ్డు మీద ఆయన ఎంత దూరం పోగలిగాడో చూస్తే, మావాళ్ళను ఎక్కడ ఆపుతారో లెక్క కట్టుకోవచ్చు.

ఒగ్గు అంటే శివుని డమరుకం. ఒగ్గు పూజారి ఒక్క కథకుడే కాదు. మల్లన్నకు పట్నం వేసేది ఆయన. పసుపు, కుంకుమ, తెల్ల పిండి, ఆకుపచ్చ పొడి కలిపి నేల మీద గీసే ఆ పట్నం ఒక బొమ్మల శాస్త్రం. దేవుని పెండ్లి చేసేది ఆయన, కాబట్టి పురోహితుడు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు రాత్రంతా నడిపేది ఆయన, కాబట్టి పౌరాణికుడు. ఒకే మనిషి నిమిషంలో ఆడదై ఏడ్చి, మరు నిమిషంలో రాజై గద్దించి, ఆ వెంటనే పక్కన డోలు కొట్టేవానితో హాస్యం ఆడతాడు. మనం నాటక విభాగం, సంగీత విభాగం, చిత్రకళ, మతాల అధ్యయనం, మౌఖిక చరిత్ర అని ఐదు గదులకు ఐదు తాళాలు వేసి పెట్టిందంతా ఒగ్గు పూజారి ఒక్క గొంగడి మీద కూర్చోబెట్టాడు. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు పోయి చూడండి. ఐనవోలు పోయి చూడండి. ఏ రిఫ్రెషర్ కోర్సులో దొరకదు అది.

సత్తయ్య ఆ విద్యను గుడి ముందు నుంచి తీసుకొని వచ్చి రేడియోలో పెట్టాడు, టీవీలో పెట్టాడు, ఢిల్లీ దాకా వేల ప్రదర్శనలు ఇచ్చాడు. దేవుని కథ చెప్పే గొంతుతోనే అక్షరాస్యత గురించీ, ఊరి సమస్యల గురించీ చెప్పాడు. ఈ చివరిది నాకు పూర్తిగా నచ్చదు. సర్కారు పథకాలకు జానపదుని గొంతు అద్దెకు తీసుకోవడం అక్కడి నుంచే అలవాటైంది. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. కడుపు నిండింది, సంతోషం. పాట మాత్రం పథకం పాట అయింది. సరే, అది వేరే రోజు రాస్తా.

సత్తయ్య తెలుగు విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి ఒగ్గు కథ నేర్పాడు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2017 నవంబర్ 9న చనిపోయాడు. వేదిక మీద కళాకారుడు, తరగతి గదిలో గురువు, పేరు ముందు డాక్టర్. ఆ ఆహ్వాన పత్రికలో మేడమ్‌కు రాసిన మాటలు ఈయనకు రాస్తే ఒక్క అక్షరం తప్పు ఉండదు.

కానీ ఆయన గురించి పత్రికల్లో వచ్చినవి వెతకండి. "శిక్షకుడు", "శిక్షణ ఇచ్చాడు" అనే మాట దొరుకుతుంది. "ఆచార్యుడు" దొరకదు. ఆ మాట దగ్గర ఒక నిమిషం ఆగండి. ఈత నేర్పేవాడు శిక్షకుడు, డ్రైవింగ్ నేర్పేవాడు శిక్షకుడు. చేతి పని నేర్పేవాడన్నమాట. ఆలోచన నేర్పేవాడు ఆచార్యుడు. ఒగ్గు కథ మీద థీసిస్ రాసినోడు ఆలోచించినట్టు, ఒగ్గు కథ చెప్పినోడు చేతులాడించినట్టు. మనువు రాసిన పని విభజనే ఇది, యూజీసీ లెటర్‌హెడ్ మీద.

"గౌరవ డాక్టరేట్ ఇచ్చారు కదన్నా" అని ఇప్పటికే ఎవరో టైప్ చేస్తుంటారు. ఇచ్చారు. గౌరవ డాక్టరేట్‌కు జీతం ఉండదు, గది ఉండదు, సిలబస్ కమిటీలో సీటు ఉండదు, కింద పరిశోధక విద్యార్థి ఉండడు. గౌరవం ఇచ్చి అధికారం ఆపడం దొరలకు కొత్త కాదు. గార్ల జాగీరు కాలం నుంచి మా తాతలకు పండుగ నాడు తలపాగా గుడ్డ ఇచ్చేవారు, భూమి కాగితం ఇవ్వలేదు.

ఇక పీఠాల సంగతి చూద్దాం. తెలుగు విశ్వవిద్యాలయం 1985 డిసెంబర్ 2న పుట్టింది. అంతకు ముందున్న అకాడమీలను రద్దు చేసి అందులో కలిపారు. ఇప్పుడు మన దగ్గర సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్నారు, బాగుంది. ఆ విశ్వవిద్యాలయం కింద కృష్ణా జిల్లా కూచిపూడి ఊర్లో ఒక పీఠం, వరంగల్లో ఒక పీఠం నడిచాయి. అక్కడిది సిద్ధేంద్రయోగి కళాపీఠం. ఇక్కడిది జానపద గిరిజన విజ్ఞాన పీఠం. పేర్లు ఇంకోసారి చదవండి. అక్కడ కళాపీఠం, అంటే ఆట నేర్పే చోటు. దానికి ఆ ఆటకు మూలపురుషుడని చెప్పే బ్రాహ్మణ యోగి పేరు. ఇక్కడ విజ్ఞాన పీఠం, అంటే ఆట గురించి తెలుసుకునే చోటు. దానికి ఎవరి పేరూ లేదు. కూచిపూడి అగ్రహారం పిల్లవాడు తన ఊర్లోనే తన ఆటలో సర్టిఫికెట్ తీసుకోవచ్చు. జనగామ దగ్గర చిందు పిల్ల తన ఆట గురించి ఇంకొకరు రాసింది చదివి పాస్ కావాలి.

కూచిపూడి కూడా ఆకాశం నుంచి శాస్త్రీయ నృత్యమై దిగలేదు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ పెట్టిన నృత్య సదస్సులో, అది శాస్త్రీయమా కాదా అని అభ్యంతరాలు వచ్చాయి. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో ఇక్కడి అకాడమీ సదస్సు పెట్టి, పండితులను కూర్చోబెట్టి, పత్రాలు చదివించి, శాస్త్రీయమే అని నిలబెట్టుకున్నారు. తప్పు అనడం లేదు. చూడండి, శాస్త్రీయత అనేది ఒక పని. దానికి సదస్సు, సర్కారు, పైసలు, పలుకుబడి కావాలి. అదే కాలంలో తరతరాలుగా ఆడుతూ వచ్చిన కలావంతుల స్త్రీలను 1947 మద్రాసు చట్టం గుడి నుంచీ మేజువాణి నుంచీ బయటికి పంపింది. వాళ్ళ ఆట మిగిలింది, వాళ్ళు మిగలలేదు. ఆటను ఉంచుకొని మనుషులను తీసేయడం ఎట్లాగో ఈ దేశానికి బాగా తెలుసు.

ఇంకో ముచ్చట. కూచిపూడి భాగవత మేళాల్లో ఆడవాళ్ళు ఎక్కకూడదు కాబట్టి మగవాళ్ళే సత్యభామ కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ ఎంత గొప్పదో అందరూ రాశారు, ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా చిందులో ఆడవాళ్ళు ఎప్పటి నుంచో గజ్జె కట్టారు. నిజామాబాద్ దిక్కు చిందుల ఎల్లమ్మ మగ వేషాలు కూడా కట్టింది. మగవాడు ఆడ వేషం కడితే అభినయ శాస్త్రం అయింది. మాదిగ ఆశ్రిత కులపు ఆడమనిషి మగ వేషం కడితే "జానపదం" అయింది. జెండర్ స్టడీస్‌లో పేపర్లు రాసే అక్కలారా, ఇది మీకు వదిలేస్తున్నా.

రామప్ప గుడి మన పక్కనే. అక్కడి రాతి బొమ్మల భంగిమలు చూసి, 13వ శతాబ్దంలో జాయపసేనాని రాసిన నృత్త రత్నావళి చదివి, నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. పట్టుదల గల మనిషి, ఆ పని చిన్నది కాదు. ఇప్పుడు సర్కారు సంగీత నృత్య కళాశాలల్లో పేరిణి నేర్పుతున్నారు. ఏడు వందల ఏళ్ళ కింద ఆగిపోయిన కాళ్ళను రాయిలోంచి లేపగలిగినోళ్ళకు, అదే జిల్లాల్లో నిన్న రాత్రి కూడా ఆడిన కాళ్ళు కనపడలేదా? రాయికి కులం అడగరు కాబట్టి పని సులువైందేమో.

ఇప్పుడు రూల్స్‌కు వస్తాను. "నిబంధనలు ఒప్పుకోవు" అనేది వైస్‌ఛాన్సలర్ల అందరి నోట్లో ఉండే తమలపాకు. ఉమ్మించి చూద్దాం.

2018 యూజీసీ నియామక నిబంధనల్లో సంగీతం, నృత్యం, ప్రదర్శన కళలకు అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి పీజీ, నెట్. రెండోది కళాకారుల దారి. పేరున్న సంప్రదాయ గురువు దగ్గర నేర్చుకొని ఉండాలి, రేడియో లేదా దూరదర్శన్‌లో 'ఎ' గ్రేడ్ ఉండాలి, విషయాన్ని తర్కంతో వివరించగలగాలి, డిగ్రీ ఉండాలి. డిగ్రీ అనే ఆ ఒక్క మాట దగ్గర పాత తరం చిందోళ్ళు, ఒగ్గోళ్ళు, డక్కలోళ్ళు మొత్తం రాలిపోతారు. ఎనిమిదేళ్ళకు గజ్జె కట్టిన పిల్ల డిగ్రీ దాకా ఎట్లా పోతుంది? ఆమె నేర్చుకున్నది చదువు కాదని ముందే తేల్చేశారు కాబట్టి. 'ఎ' గ్రేడ్ ఇచ్చే ఆడిషన్ గదిలోకి రాత్రంతా నడిచే ఆటను, ఏడుగురు మనుషులను, కిరీటాలను, భుజకీర్తులను ఎట్లా తీసుకుపోతారో కూడా నాకు అర్థం కాదు.

సరే, డిగ్రీ లేదు. 2022లో యూజీసీ ఇంకో తలుపు తెరిచింది. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్. తన రంగంలో 15 ఏళ్ళ అనుభవం ఉన్న నిష్ణాతులను నేరుగా ప్రొఫెసర్ హోదాలో పెట్టుకోవచ్చు. పీహెచ్‌డీ అవసరం లేదు. పేపర్లు అచ్చేసి ఉండాల్సిన పని లేదు. మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా, మూడేళ్ళు, తప్పదనుకుంటే నాలుగో ఏడు. కంపెనీల పెద్దలనూ, రిటైరైన ఐఏఎస్‌లనూ, లాయర్లనూ దృష్టిలో పెట్టుకొని చేశారు. ఇది మంజూరైన పోస్టుల లెక్కకు బయటిది కాబట్టి రోస్టర్ పట్టదు, అందుకే మేమంతా దీన్ని తిట్టాం. నేను ఇప్పటికీ తిడతాను. కానీ ఆ నిబంధనల్లో కళల పేరు కూడా రాసి ఉంది. పదిహేనేళ్ళు ఏం ఖర్మ, యాభై ఏళ్ళు ఆడినోళ్ళు ఉన్నారు కదా మా దగ్గర.

ఉన్నారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్య గారు. చిందు యక్షగానం. 2024లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్రపతి భవన్ గుర్తించింది. కాకతీయ విశ్వవిద్యాలయం గేటుకూ ఆయన ఊరికీ మధ్య దూరం ఒక్క పూట బస్సు ప్రయాణం. ఏ ప్రదర్శన కళల విభాగమైనా రేపు పొద్దున ఆయనను ప్రొఫెసర్ అని పిలవాలనుకుంటే అడ్డొచ్చే రూలు ఏదో నాకు ఎవరైనా చూపించండి. శాలువా కప్పడానికి మనిషిని పంపడం వచ్చినోళ్ళకు నియామక పత్రం పంపడం రాదా?

నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారి సంగతి అందరికీ తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర. డక్కలి. పాఠ్యపుస్తకంలోకి ఎక్కాడు, సినిమా పాటలోకి ఎక్కాడు, 2022లో పద్మశ్రీ. 2024 మే నెలలో హైదరాబాద్ శివారులో కట్టడం పని దగ్గర కూలి చేస్తున్న వీడియో బయటికి వచ్చింది. మన పిల్లలు బడిలో ఆయన గురించి ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆయన కూలి కోసం ఇటుకల దగ్గర నిలబడ్డాడు. అప్పుడు టీవీలన్నీ "పాపం" అన్నాయి. పాపం అనడం సులువు. ఆ మనిషికి ఒక విశ్వవిద్యాలయం ఉద్యోగం బాకీ ఉందని ఒక్క చానెలూ అనలేదు.

ఇక మా ఇంటి సిగ్గు.

చిందోళ్ళు మాదిగల ఆశ్రిత కులం. మాదిగ వాడలు వాళ్ళకు మిరాసి. ఏడాదికోసారి వచ్చి ఆడి, జాంబ పురాణం చెప్పి, మా పుట్టుక లోకం పుట్టుక కంటే ముందని మాకు గుర్తు చేసి, త్యాగం అడిగి తీసుకుపోతారు. నా చిన్నప్పుడు గార్లలో మా వాడకు వచ్చేవారు. పొద్దుగూకే యాళ్ళకు ముఖానికి అద్దళం పూసుకుంటుంటే మేం పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. అంతసేపూ వాళ్ళు దేవుళ్ళు. తెల్లారి వడ్లు అడగడానికి గడప ముందుకు వస్తే మా తాత కూర్చొమ్మనేవాడు కాదు. వాళ్ళ పెద్దమనిషి ఏడేళ్ళ నన్ను "అయ్యా" అనేవాడు. ఊరు మమ్మల్ని ఎట్లా చూసిందో మేం వాళ్ళను అట్లాగే చూశాం. ఫోన్లో పెద్దయ్య ఇప్పటికీ నన్ను అయ్యా అనడానికి మూలం అదే.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ళు కొట్లాడి తెచ్చుకున్నాం. డక్కలోళ్ళు గ్రూప్-1లో, ఒక శాతం. చిందోళ్ళు మాతోపాటు గ్రూప్-2లో, 9 శాతం. ఇదే మాట మాలవాళ్ళతో అన్నాం కదా మనం, "అందరికీ ఒకే గంప అయితే బలవంతుడే తింటాడు" అని. ఇప్పుడు ఆ గంపలో బలవంతులం మనమే. విశ్వవిద్యాలయంలో గ్రూప్-2 పోస్టు ఒకటి పడితే చిందు పిల్లతో పోటీ పడేది నా కొడుకు. నేను ఏ ముఖంతో న్యాయం మాట్లాడాలి?

అంతకంటే ముందే నేను వాళ్ళ దగ్గర తీసుకున్నది ఉంది.

2003లో ఎంఫిల్ చేస్తూ చిందు కథల మీద పని పెట్టుకున్నాను. జనగామ దిక్కు ఒక ఊర్లో అరవై దాటిన ఒక ఆటకత్తె ఉండేది. ఆమె పేరు ఇక్కడ రాయను, ఇంటివాళ్ళను అడిగి రాస్తాను. అవ్వా అని పిలిచేవాణ్ణి. మూడు రాత్రులు నాకు జాంబ పురాణం చెప్పింది. చెప్పడమంటే కూర్చొని అప్పజెప్పడం కాదు. మధ్యలో లేచి అడుగు వేసి, "ఈడ మద్దెల గిట్ల పడాలె, లేకుంటే మాట నిలవడదు" అని నేల మీద చేత్తో కొట్టి చూపించేది. ఒక కథలో తన అత్త ఎట్లా చెప్పేదో, తాను ఎందుకు మార్చిందో చెప్పింది. పాఠాంతరాల విమర్శ అంటాం మనం దాన్ని. ఆమె దాన్ని "మా అత్త పొరపాటు" అన్నది.

తొమ్మిది క్యాసెట్లు నిండినయి. పోయేటప్పుడు ఒక చీర, ఐదు వందలు ఇచ్చాను.

"గిదంత రాస్తే నీకు నౌకరొస్తదా బిడ్డా?"

"రావొచ్చవ్వా."

"మరి నాకు?"

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఇద్దరం నవ్వినట్టు లెక్క.

థీసిస్ వెనక అనుబంధం ఉంటుంది కదా. సమాచారదాతల పట్టిక. అందులో నాలుగో వరుసలో ఆమె ఉంది. పేరు, వయసు, కులం, ఊరు. చివరి గడి: చదువు. ఆ గడిలో నేను నా చేత్తో "నిరక్షరాస్యురాలు" అని రాశాను. మూడు రాత్రుల పురాణం పొల్లు పోకుండా తలలో పెట్టుకున్న మనిషి. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు "చాలా కష్టపడి సేకరించావయ్యా" అని మెచ్చుకున్నాడు. సేకరించడం! అడవిలో ఇప్పపువ్వు ఏరుకున్నట్టు. ఆమె ఆలోచన రాలి కింద పడి ఉన్నట్టు, నేను వంగి ఏరుకున్నట్టు. ఆ రోజు నాకు సంతోషమే అయింది. ఆ ఎంఫిల్ పట్టుకొనే పార్ట్‌టైమ్ లెక్చరర్‌నయ్యాను. ఇన్నేళ్ళు పిల్లలకు జానపద సాహిత్యం పాఠం చెప్పి తిన్నాను.

అందుకే ఆ మేడమ్ మీద నాకు కోపం లేదని రాసింది. ఆమె అడుగులైనా నేర్చుకుంది. నాకు ఒక్క అడుగు కూడా రాదు.

అవ్వ చనిపోయిన సంగతి నాకు ఎనిమిది నెలల తరువాత తెలిసింది. పోయిన నెల ఆమె మనుమరాలు ఫోన్ చేసింది. జనగామలో డిగ్రీ చదువుతోంది. ఇంట్లో ఎల్లమ్మ వేషం కట్టేవాళ్ళు లేరట, తాను కడతానంటోంది. నాయనమ్మ చెప్పిన వరుస ఎవరికీ పూర్తిగా రాదట. "సార్, మా నాయనమ్మ గొంతు మీ దగ్గరున్నదట గదా."

నా దగ్గర లేదు. అప్పట్లో క్యాసెట్లన్నీ విభాగానికి ఇవ్వాలన్నారు, ఇచ్చాను. కాపీ తీసి పెట్టుకోవాలనే తెలివి లేదు, పైసలూ లేవు. ఆ విభాగానికి పోయి అడిగాను. అది పరిశోధన సామగ్రి, పరిశోధకులకే ఇస్తామన్నారు. నేనే ఆ పరిశోధకుణ్ణి అన్నాను. అయితే పర్యవేక్షకుని సంతకం కావాలన్నారు. ఆయన లేడు, కాలం చేశాడు. ఈ అమ్మాయి ఆమె మనుమరాలు అన్నాను. "దానికి ఫార్మాట్ లేదండీ" అన్నాడు గుమాస్తా. మంచివాడే, చాయ్ కూడా తాగించాడు.

కాబట్టి మిత్రులారా, పెద్ద డిమాండ్లు పెద్దవాళ్ళు పెట్టండి. చిందుకు జనగామలో కళాపీఠం పెట్టమని అడగండి. పద్మశ్రీ వచ్చిన మనుషులకు ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ ఇవ్వమని మీ మీ విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాయండి, కాపీ నాకు పంపండి. సదస్సు ఆహ్వాన పత్రికలో "బృందం" అని కనపడితే ఫోన్ చేసి ఏడు పేర్లు అడగండి. మన కులాల్లో పీహెచ్‌డీలు చేసినవాళ్ళు ముందు మీ థీసిస్ వెనక పేజీ తెరిచి, ఆ చివరి గడిలో ఏం రాశారో చూసుకోండి.

నా మట్టుకు ఆ తొమ్మిది క్యాసెట్ల కోసం అర్జీ పెట్టాను. అవి ఉన్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ఇంకా తేలలేదు. ఇరవై ఏళ్ళ టేపు, పలుకుతుందో లేదో కూడా తెలియదు. మంగళవారం పొద్దున బండికి మళ్ళీ పోతున్నాను. ఆ పిల్ల జనగామలో ఎక్కుతానన్నది.